రెడ్‌క్యాప్ మూడేళ్ళు వాడాక: నాలుగు దేశాల ప్రోస్టేట్ క్యాన్సర్ స్టడీ నుంచి ఒక డేటా మేనేజర్ రివ్యూ

రెడ్‌క్యాప్ అంటే రీసెర్చ్ డేటా ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్. స్టార్లు ముందే చెప్పేస్తాను: 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు పోయిందో కింద వస్తుంది. కాలేజీ ప్రాజెక్టుకి చిన్న సర్వే చేసుకునేవాళ్ళు ఇది చదవక్కర్లేదు, మీకు గూగుల్ ఫామ్స్ సరిపోతుంది. మూడు నాలుగు దేశాల ఆస్పత్రులు కలిసి ఒక జబ్బు మీద పనిచేద్దామనుకుని, ఒప్పందాల మీద సంతకాలు కూడా అయిపోయి, "మరి డేటా ఎక్కడ ఎక్కిద్దాం?" అన్న దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం రాస్తున్నాను. మేం అక్కడ ఎనిమిది నెలలు ఆగాం.

నేను డాక్టర్ని కాదు, డేటా మేనేజర్ని. మా స్టడీ ప్రోస్టేట్ క్యాన్సర్ మీద, అందులోనూ ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చే మగవాళ్ళ మీద. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 14.7 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 3.97 లక్షల మంది చనిపోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు తీసే గ్లోబోకాన్ అంచనా. 2020లో 14 లక్షలున్న ఏటా కేసులు 2040కల్లా 29 లక్షలవుతాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది, ఆ పెరిగేది ఎక్కువగా డబ్బు లేని దేశాల్లోనే. అమెరికాలో చూసినా నల్లజాతి మగవాళ్ళు ఈ జబ్బుతో చనిపోయే రేటు తెల్లవాళ్ళ కంటే దాదాపు రెట్టింపు. ఇంత తెలిసీ జన్యు పరిశోధనలో ఉన్న డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వాళ్ళదే. మిగతావాళ్ళని చేర్చుకుంటే ఏమవుతుందో తెలియాలంటే ఒక లెక్క చాలు: ఈ క్యాన్సర్ ముప్పుతో ముడిపడ్డ జన్యు తేడాలు 2021 నాటి పెద్ద స్టడీలో 269, రకరకాల మూలాల వాళ్ళని ఇంకా ఎక్కువగా కలుపుకున్నాక 2023లో 451.

ఈ లోటు పూడ్చడానికే 2005లో ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రాన్స్‌అట్లాంటిక్ కన్సార్షియం (పరిశోధకుల కూటమి) మొదలైంది. తర్వాత సెనెగల్, ఘనా, నైజీరియా, దక్షిణాఫ్రికా ఆస్పత్రులతో, ఆఫ్రికా మూలాలున్న మగవాళ్ళలో ఈ క్యాన్సర్ మీద పనిచేసే మ్యాడ్‌క్యాప్ నెట్‌వర్క్ వచ్చింది. మాది అంత పెద్దదేం కాదు, నాలుగు దేశాలు, ఐదు సైట్లు. వాళ్ళలాంటి వాళ్ళు వేసిన దారిలోనే నడుస్తున్నాం.

ఇక విషయంలోకి. రెడ్‌క్యాప్‌ని 2004లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో పాల్ హారిస్ టీమ్ తయారుచేసింది. లాభాపేక్ష లేని సంస్థలు వాళ్ళ కన్సార్షియంలో చేరి ఉచితంగా తీసుకుని, సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. 150కి పైగా దేశాల్లో వాడుతున్నారు. చూడ్డానికి మాత్రం పాతకాలం ప్రభుత్వ వెబ్‌సైట్‌లా ఉంటుంది, మొదటిసారి తెరిచిన ఎవరికైనా నీరసం వస్తుంది. వారం రోజులు ఓపిక పట్టండి.

దీనికి ముందు మేం ఎక్సెల్‌లో బండి లాగించాం. అదెలా చెడిందో చెప్తే ఈ సాఫ్ట్‌వేర్ విలువ తెలుస్తుంది. ప్రోస్టేట్ బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ ఎంత తీవ్రమో చెప్పే గ్లీసన్ స్కోరు అని ఉంటుంది, 3+4 అనో 4+3 అనో రాస్తారు. రెండూ కలిపితే 7 అయినా జబ్బు తీవ్రత ఒకటి కాదు, మొదటిది గ్రేడ్ గ్రూప్ 2, రెండోది 3. ఒక సైట్ వాళ్ళకి ప్లస్ బదులు మధ్యలో అడ్డగీత పెట్టే అలవాటు. 3-4 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేసింది. ఒక కంప్యూటర్లో అది మార్చి 4, ఇంకో దేశపు సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో ఏప్రిల్ 3. షీట్లు కలిపేసరికి సగం మంది గ్లీసన్ స్కోరు వసంతకాలంలోకి వెళ్ళిపోయింది. ఏది మూడు ప్లస్ నాలుగో ఏది నాలుగు ప్లస్ మూడో తేల్చడానికి కాగితం ఫైళ్ళన్నీ మళ్ళీ తీయించాల్సి వచ్చింది, ఆ నర్సులు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. రెడ్‌క్యాప్‌లో మొదటి అంకెకి ఒక గడి, రెండో అంకెకి ఇంకో గడి పెట్టాం. 3, 4, 5 తప్ప ఇంకేదీ ఎంచుకోవడానికి లేదు, కూడిక అదే చేసుకుంటుంది. తేదీలు కూడా అంతే, ఎవరికి ఏ వరసలో చూపించినా లోపల దాచేది ఒకే పద్ధతిలో.

మధ్యలో ఒక పేరున్న కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా చూశాం, పేరెందుకు లెండి. సైటుకి ఇంత, యూజరుకి ఇంత, ఫారంలో మార్పు చేస్తే ఇంత అని కొటేషన్ ఇచ్చారు. ఫారం మార్చిన ప్రతిసారీ డబ్బు కట్టాలంటే ఎవరూ మార్చరు. మార్చకపోతే ఏమవుతుందో చెప్పడానికే అసలు ఈ రివ్యూ.

మా మొదటి ఫారం పెద్ద ఆస్పత్రిలో తయారైంది. అన్నీ ఉన్న ఆస్పత్రి, ప్రతి పేషెంటుకీ బయాప్సీ, ఎమ్మారై, అంకెల్లో రిపోర్టు. ఆ ఫారం అలాగే మిగతా సైట్లకి పంపాం. అందులో పీఎస్ఏ అన్న గడి ఉంది. రక్తంలో చూసే ప్రోటీన్ అది, మామూలుగా మిల్లీలీటరుకి 4 నానోగ్రాములు దాటితే డాక్టర్లు ఇంకాస్త పరీక్షిద్దాం అంటారు. నేను ఆ గడికి "అంకె మాత్రమే" అని కట్టడి పెట్టాను. ఎక్సెల్ దెబ్బ తిన్నాను కదా, ఇక అక్షరాలేవీ రానివ్వకూడదని పంతం.

నాలుగు నెలల తర్వాత మొదటి లెక్కలు తీశాం. మా సైట్లలో అన్నింటికంటే చిన్నది ఒకటుంది, అక్కడికి వచ్చేవాళ్ళు చాలామంది నడుము నొప్పితోనో కాళ్ళు లేవడం లేదనో వస్తారు, అంటే జబ్బు అప్పటికే ఎముకలకి ఎక్కేసి ఉంటుంది. అలాంటివాళ్ళకి పీఎస్ఏ బాగా ఎక్కువుండాలి, ఆ సైట్ మధ్యస్థం (అందరినీ వరసలో పెడితే నడుమ వచ్చే అంకె) మాత్రం మేం అనుకున్నంత లేదు. మీటింగ్‌లో మా ప్రొఫెసర్ గారు "పర్లేదే, మరీ ఆలస్యంగా రావట్లేదన్నమాట" అన్నారు. స్క్రీన్ అవతల ఆ సైట్ నర్సు కాసేపు ఏం మాట్లాడలేదు. మీటింగ్ అయ్యాక నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ల్యాబ్ స్లిప్, పేషెంటు పేరు మీద బొటనవేలు పెట్టి తీసింది. పీఎస్ఏ ఎదురుగా ">100" అని ఉంది.

విషయమేంటంటే, ల్యాబ్ మెషీన్‌కి ఒక పై హద్దు ఉంటుంది. అది దాటితే రక్తాన్ని పలచన చేసి మళ్ళీ పరీక్ష చేయాలి. అంటే ఇంకో టెస్టుకి సరిపడా రసాయనం ఖర్చు. చిన్న ల్యాబ్‌లో అది దండగ, ఎలాగూ జబ్బు ముదిరిందని తెలుస్తూనే ఉంది కాబట్టి 100 పైన అని రాసి ఊరుకుంటారు. ఆ నర్సు దాన్ని అలాగే కొడితే నా గడి "అంకె మాత్రమే వేయండి" అని ఎర్రగా అడ్డం పడింది. వట్టి 100 అని వేస్తే అబద్ధం అవుతుందని ఆమె ఖాళీగా వదిలేసింది. ఖాళీలు లెక్కలోకి రావు. అందరికంటే జబ్బు ముదిరినవాళ్ళంతా వరసగా ఖాళీలయ్యారు, మిగిలినవాళ్ళతో తీసిన లెక్క చూసి మేం పర్లేదనుకున్నాం. సాఫ్ట్‌వేర్ నేను చెప్పిందే చేసింది, తప్పు నాది.

సరిచేయడం పది నిమిషాల పని. అంకెకి ముందు ఇంకో చిన్న గడి పెట్టి, అందులో సమానం, ఎక్కువ, తక్కువ అన్న మూడు గుర్తులు ఇచ్చాం. పాత కాగితాలు చూసి ఖాళీలన్నీ నింపాక ఆ సైట్ బొమ్మ పూర్తిగా మారిపోయింది. ప్రొఫెసర్ గారు తర్వాతి మీటింగ్‌లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు, అది మాత్రం ఆయన గొప్పతనమే.

అక్కణ్ణుంచి ఫారం మొత్తం తిరగేశాం. కుటుంబ చరిత్ర దగ్గర "మీ తండ్రికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఉండేదా?" అని అడిగి అవును, కాదు అని రెండే పెట్టాం. డాక్టర్ మొహమే చూడకుండా పోయిన తండ్రి సంగతి కొడుకు ఏం చెప్తాడు? ఎక్కువమంది చెప్పిన మాట "మూత్రం ఆగిపోయి పోయాడు". దాన్ని ఒకళ్ళు అవును అని, ఇంకొకళ్ళు కాదు అని ఎక్కించారు, ఇద్దరిదీ తప్పనలేం. ఇప్పుడు "తెలియదు" అన్న ఆప్షన్ ఉంది, దాన్ని నొక్కితేనే తెరుచుకునే ఇంకో గడిలో పేషెంటు చెప్పిన మాట చెప్పినట్టు రాస్తారు. ఇలా ఒక జవాబుని బట్టి ఇంకో ప్రశ్న రావడాన్ని బ్రాంచింగ్ లాజిక్ అంటారు. రెడ్‌క్యాప్‌లో ఇది నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

పుట్టిన తేదీ ఇంకో గోల. ఒక సైట్‌లో సగానికి సగం మంది జనవరి 1న పుట్టారు! తేదీ తెలియనప్పుడు గడి నింపాలి కాబట్టి అలా వేశారు. తేదీ తీసేసి సుమారు వయసు, అది ఎలా తెలిసింది (గుర్తింపు కార్డా, ఆయన చెప్పిందా, ఇంటివాళ్ళ అంచనానా) అని రెండు ప్రశ్నలు పెట్టాం.

జాతి ప్రశ్న అమెరికా ఫారం నుంచి యథాతథంగా వచ్చింది. వచ్చేవాళ్ళంతా నల్లవాళ్ళే అయిన ఆస్పత్రిలో "నల్లజాతి" అన్న గడి నొక్కించి ఏం లాభం? ఆ సైట్ డాక్టరే మార్చి పంపాడు: మాతృభాష ఏది, అమ్మమ్మ తాతయ్యలు, నానమ్మ తాతయ్యలు నలుగురూ ఎక్కడ పుట్టారు. జన్యు లెక్కలకి ఇదే ఎక్కువ పనికొస్తుందని మా జెనెటిక్స్ వాళ్ళు కూడా సంతోషపడ్డారు. బయాప్సీ లేకుండానే మందు మొదలుపెట్టిన వాళ్ళని స్టడీలోకి తీసుకోవాలా వద్దా అన్న గొడవ మాత్రం ఇంకా తెగలేదు. తీసుకోకపోతే అందరికంటే పేదవాళ్ళు బయటే ఉండిపోతారు, తీసుకుంటే రోగనిర్ధారణ గట్టిది కాదని రేపు జర్నల్ వాళ్ళు అడుగుతారు. ప్రస్తుతానికి వాళ్ళని విడిగా ఒక గుంపుగా ఎక్కిస్తున్నాం.

ఇదంతా రెడ్‌క్యాప్ రివ్యూలో ఎందుకు చెప్తున్నానంటే, ఈ మార్పులన్నీ సాధ్యమైంది దాని డేటా డిక్షనరీ వల్ల. ఫారం మొత్తాన్ని ఒక స్ప్రెడ్‌షీట్‌గా దించుకోవచ్చు, వరసకి ఒక ప్రశ్న. మెయిల్‌లో పంపితే అవతలి వాళ్ళు ప్రశ్నలు మార్చి, తీసేసి, కొత్తవి చేర్చి తిరిగి పంపుతారు, ఎక్కిస్తే ఫారం తయారు. కోడింగ్ రానక్కర్లేదు. ఇంతకుముందు చిన్న సైట్ వాళ్ళ అభిప్రాయం అడగడం అంటే, కాల్‌లో "ఏమైనా సందేహాలున్నాయా?" అనడం, వాళ్ళు మర్యాదకి లేవనడం. షీట్ చేతికిచ్చాక ఆ మర్యాద పోయింది, మంచిదే అయింది. ఒక సైట్ నుంచి తిరిగి వచ్చిన షీట్‌లో పదిహేడు ప్రశ్నల పక్కన ఒకటే వ్యాఖ్య ఉంది: "ఇది ఎవరికోసం?" ఇన్సూరెన్స్ ప్రశ్నలు అవి. తీసేశాం.

ఇప్పుడు కాస్త చేదు విషయం. డేటా యాక్సెస్ గ్రూప్ అని ఒక ఏర్పాటు ఉంది, ఒక సైట్ వాళ్ళకి ఇంకో సైట్ రికార్డులు కనపడకుండా. పేషెంట్ల గోప్యతకి అది ఉండాల్సిందే. కానీ నడిపే సెంటర్‌కి అన్నీ కనిపిస్తాయి, డేటాని దించుకునే హక్కు ఎవరికివ్వాలో యూజర్ రైట్స్ పేజీలో టిక్కులు పెట్టేదీ ఆ సెంటరే. ఒప్పందంలో సమాన భాగస్వాములని ఎంత అందంగా రాసుకున్నా, భాగస్వామ్యం ఎలాంటిదో ఆ పేజీ తెరిస్తే తెలిసిపోతుంది. మా దగ్గర మొదటి ఏడాది సైట్లకి ఎక్కించే హక్కు ఉంది, దించుకునే హక్కు లేదు. తమ పేషెంట్ల డేటా కోసం మాకు మెయిల్ పెట్టి ఎదురుచూసేవాళ్ళు. హెలికాప్టర్ రీసెర్చ్ అని తిడతారే, వచ్చి శాంపిల్స్ పట్టుకుని ఎగిరిపోవడం, దానికి హెలికాప్టర్ కూడా అక్కర్లేదు, ఒక టిక్ తీసేస్తే చాలు. గొడవపడ్డాక మార్చాం. ఇప్పుడు ప్రతి సైట్ తన డేటా తను ఎప్పుడైనా తీసుకోవచ్చు, అందరి డేటా కావాలంటే ఏ పేపర్ కోసమో ఒక పేజీ రాసి కమిటీకి పంపాలి, మా ప్రొఫెసర్ గారైనా సరే. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ఆ పేజీని మొదటి మీటింగ్‌లోనే స్క్రీన్ మీద అందరికీ చూపించండి.

మొబైల్ యాప్ గురించి కూడా అడుగుతారు. నెట్ లేని చోట టాబ్లెట్‌లో ఎక్కించి, నెట్ దొరికాక సర్వర్‌కి పంపొచ్చు. బాగుంది, కరెంటు పోయే క్లినిక్‌లలో ఇది లేకపోతే మా పని నడిచేది కాదు. కానీ పంపేదాకా ఆ డేటా టాబ్లెట్‌లో తప్ప ఎక్కడా ఉండదని అందరికీ గట్టిగా చెప్పండి. మావాళ్ళొకరు టాబ్లెట్ స్లో అయిందని రీసెట్ కొట్టారు, ఒక వారం ఎంట్రీలు పోయాయి. రోజూ సాయంత్రం పంపాలన్న రూలు ఆ తర్వాత పెట్టాం, ముందే పెట్టాల్సింది.

నా ఇంకో ఘనకార్యం. ప్రాజెక్టు మొదట డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉంటుంది, అసలు పేషెంట్ల డేటా మొదలయ్యే ముందు ప్రొడక్షన్‌కి మార్చాలి. తొందరలో మార్చలేదు. జబ్బు దశ అడిగే ప్రశ్నలో మధ్యలో ఒక ఆప్షన్ చేర్చి నంబర్లు కిందికి జరిపాను. పాత రికార్డుల్లో 3 అన్న నంబరు 3గానే ఉంది, దాని అర్థం మాత్రం మారిపోయింది, ఎముకలకి పాకనివాళ్ళు ఒక్క రాత్రిలో పాకినవాళ్ళయ్యారు. ప్రొడక్షన్‌లో ఉండుంటే మార్పు ముందు డ్రాఫ్ట్‌లోకి వెళ్ళేది, ప్రమాదం ఉన్నచోట అదే హెచ్చరించేది. ఎవరు ఏ నిమిషంలో ఏం మార్చారో లాగ్ ఉంటుంది కాబట్టి బతికాను. మార్పుకి ముందు ఎక్కిన రికార్డులు ఏవో అందులో చూసి వెనక్కి తిప్పాను. రెండు రాత్రుల టెన్షన్. కొత్త ఆప్షన్‌కి ఎప్పుడూ కొత్త నంబరే ఇవ్వండి, వరస అందంగా లేకపోయినా సరే.

పోయిన స్టార్ సంగతి. ఉచితం అంటారు గానీ సర్వర్ ఉండాలి, దాన్ని చూసుకునే మనిషి ఉండాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఉండాలి. ఐటీ విభాగం ఉన్న యూనివర్సిటీకి అది ఉచితం. చిన్న ఆస్పత్రికి కాదు, అందుకే వాళ్ళు పెద్దవాళ్ళ సర్వర్ మీద చోటు అడుగుతారు. అప్పుడు డేటా ఇంకో దేశానికి వెళ్తుంది. దక్షిణాఫ్రికాలో పోపియా, యూరప్‌లో జీడీపీఆర్, ఇండియాలో 2023 డేటా చట్టం, ఎవరి చట్టం వాళ్ళది, మా ఎనిమిది నెలలూ కరిగింది ఇక్కడే. సర్వర్ గొడవే వద్దనుకుంటే ఓడీకే, కోబోటూల్‌బాక్స్ ఉన్నాయి. ఫీల్డులో ఒకసారి చేసే సర్వేకి అవి తేలిక. ఒకే పేషెంటుని మూడు నెలలకోసారి ఏళ్ళ తరబడి వెంటపడి చూడాలంటే మాత్రం నా ఓటు రెడ్‌క్యాప్‌కే.

మా చిన్న సైట్ వాళ్ళు, అదే బొటనవేలు ఫోటో పంపిన నర్సు వాళ్ళ ఆస్పత్రి, ఈ మధ్యే సొంతంగా రెడ్‌క్యాప్ కన్సార్షియంలో చేరారు. వాళ్ళ ఐటీ అంటే ఒక్కడే, ప్రింటర్లు బాగుచేసేదీ అతనే. సర్వర్ పెట్టడానికి అతనికి ఆరు వారాలు పట్టింది, నాకు అర్ధరాత్రి వచ్చిన ఫోన్లకి లెక్కలేదు. మొన్న టెస్ట్ రికార్డు ఒకటి వేసి స్క్రీన్‌షాట్ పంపాడు. పేషెంటు పేరు దగ్గర తన పేరే కొట్టాడు, వయసు 34, పీఎస్ఏ ముందు గుర్తు గడిలో "ఎక్కువ", పక్కన 100. గడి తీసుకుందో లేదో చూద్దామని వేశానన్నాడు. తీసుకుంది. ఆ రికార్డు చెరిపేయమని చెప్పాను, ఇంకా చెరపలేదు.